చుక్క వయసు చెప్పిన నోరు

ముందు ఆ కిరీటం తీసెయ్యవే జెమీమా. అట్టముక్కకి మెరుపు కాయితం అంటించి నెత్తిన పెట్టుకుంటే రాజువైపోతావా? పడుకునేటప్పుడు కూడా తియ్యదంట! దిండు నిండా మెరుపు రాలింది చూడు. క్రిస్మస్ నాటకం ఆదివారం గదా, అప్పుడు పెట్టుకో. కెజియా, నువ్విటు రా, నా పక్కన పడుకో. మెల్లిగా. మెల్లిగా అన్నానా? గోడ అవతల సలోమి పిన్ని పడుకుంది. పాప ఇప్పుడే కళ్ళు మూసింది. లేచిందంటే మళ్ళీ ఏడుపు, ఆ ఏడుపు వీధిలోకి వినబడిందంటే... సరే, అది వదిలెయ్యండి.

వదలనులే. పొద్దుగూకేటప్పుడు ఈ జెమీమా నన్నొక మాటడిగింది. పిన్ని మొగుడొచ్చి, పిన్ని మీ ఇంట్లో ఉందా అని అడిగితే లేదని చెప్పాలా అమ్మమ్మా, అబద్ధమాడితే పాపమని సండేస్కూలు టీచరు చెప్పింది గదా అని. నా చేతిలో చెంబు అట్టాగే ఆగిపోయింది. పిన్ని దవడ మీద వాపు చూశావు. బిడ్డని లాక్కుపోయి కాలవలో పడేస్తానని వాడు బజార్లో అరిచింది విన్నావు. అన్నీ చూసి, అన్నీ విని, అడిగింది చూడు ఆ ప్రశ్న! తిడదామనే నోరు తెరిచా. తిట్టలేకపోయా. ఎందుకంటే నేనూ నీ వయసులో మా అమ్మని ఇట్టాంటిదే అడిగా. మా అమ్మ తిట్టకుండా కథ చెప్పింది. ఆ కథే ఇప్పుడు చెప్తా. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెప్తున్నా. భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి. ఊ మాత్రం కొట్టాలి. మీరు ఊ కొట్టకపోతే నాకు నిద్రొచ్చిద్ది.

అనగనగా, ఒక ఊళ్ళో అందామంటే ఊరు పేరు నాకే తెలీదు, ఊళ్ళకి ఊళ్ళు దాటి, ఇసుక దాటి, కొండలు దాటితే ఒక దేశం. తూర్పు దేశం. మనకైతే అది పడమరే. బైబిల్లో ఈ వాక్యం రాసినాయన ఇంటి నుంచి చూస్తే తూర్పు, అందుకని తూర్పని రాశాడు. ఆ దేశంలో ఒక నిప్పుంది. దాన్ని ఆరనియ్యరు. తాత వేసిన కట్టె మీద తండ్రి వేస్తాడు, తండ్రి వేసిన కట్టె మీద కొడుకు వేస్తాడు, కొడుకు వేసిన కట్టె మీద మనవడు వేస్తాడు. అట్టా ఎన్ని వందల ఏళ్ళో. ఆ నిప్పుని కనిపెట్టుకుని ఉండే పూజారులున్నారు. నిప్పు దగ్గరికి పోయేటప్పుడు నోటికీ ముక్కుకీ తెల్లగుడ్డ కట్టుకుంటారు. మన ఎంగిలి ఊపిరి నిప్పుకి తగలగూడదని. పగలు నిప్పుని చూసుకోవడం, పొద్దుగూకితే చుక్కల్ని చూసుకోవడం, వాళ్ళ పని అదే.

జెమీమా, ఇన్నావా? పూజారులు. రాజులు కాదు. రాజు పక్కన కూర్చుని, ఇదుగో ఈ చుక్కకి అర్థమిది అని చెప్పేవాళ్ళు. ముగ్గురని కూడా ఎవరూ రాయలా. కానుకలు మూడు గదా, అందుకని మనుషులూ ముగ్గురేనని మనోళ్ళు అనేసుకున్నారు. పేర్లూ రాయలా. మా నాన్న మిషను బళ్ళో పంతులు. ఆయనేమనేవాడంటే, బొంబాయిలో పార్శీవాళ్ళు ఇప్పటికీ నిప్పు ఆరకుండా చూసుకుంటారే, వాళ్ళ పెద్దల పెద్దల్లో పూజారులయ్యుంటారు వీళ్ళు అనేవాడు. ఇంకో పంతులు కాదు, బబులోనోళ్ళు అనేవాడు. ఇంకొకాయన అరబ్బులని పట్టుబట్టేవాడు. ముగ్గురూ మా అరుగు మీద కూర్చుని కొట్టుకున్నంత పని చేసేవాళ్ళు. మా అమ్మ తలా ఒక గ్లాసు మజ్జిగ పోసి పంపించేసేది. నాకు మాత్రం మా నాన్న మాటే నచ్చింది. ఈ కథ ఆ మాట మీదే నిలబడిద్ది మరి.

ఎందుకంటే ఆ నిప్పు పూజారులకి ఒక ఒట్టుంది. అబద్ధమాడగూడదు. ప్రాణం మీదికొచ్చినా ఆడగూడదు. వాళ్ళ మాట అంటే లోకానికంతా అంత నమ్మకం. ఆ పూజారుల్లో ఒక పెద్దాయన ఉన్నాడు. మిహ్రాను అందాం. ఆయనకి కళ్ళు మంచివి, లెక్క ఇంకా మంచిది. ఒకనాడు ఆకాశంలో అంతకుముందు లేని చుక్క ఒకటి కనబడింది. ఆ రోజునుంచి మిహ్రాను ఒక మట్టి పలక దగ్గర పెట్టుకుని, పున్నమికొక గీత గీశాడు. ఒక పున్నమి, ఒక గీత. రెండు పున్నములు, రెండు గీతలు. తుమ్మినా దగ్గినా గీత తప్పలా. ఆ చుక్క యూదుల దేశంలో ఒక రాజు పుట్టాడని చెప్తుంది అని తేల్చుకున్నారు. తేల్చుకుని, మూటలు కట్టుకుని బయల్దేరారు.

ఊ కొడుతున్నారా? ఊ.

ఇసుక దాటారు, రాళ్ళు దాటారు. రాళ్ళు దాటారు, ఏరు దాటారు. ఏరు దాటారు, ఎండ దాటారు. ఎండ దాటారు, చలి దాటారు. ఒంటె కుంటింది, దిగి నడిచారు. చెప్పు తెగింది, గుడ్డ చుట్టుకు నడిచారు. పలక మీద ఇరవై రెండు గీతలు పడ్డాయి. అంటే చుక్క పుట్టి రెండేళ్ళకు దగ్గర. మన నాటకంలో పశువుల పాకలో, పుట్టిన పాపాయి ముందు వీళ్ళని నిలబెడతారే, అదీ తప్పే. వాళ్ళు పోయేటప్పటికి బిడ్డ ఇంట్లో ఉన్నాడని వాక్యంలో ఉంది. నడిచే వయసు. పళ్ళొచ్చుంటాయి కూడా.

ఇప్పుడు తప్పు చేశారు చూడండి. ఆ తప్పు వాళ్ళే చెయ్యగలరు, ఇంకెవరూ చెయ్యరు. పరాయి దేశంలో కాలుపెడితే ముందు ఆ దేశపు రాజుకి కనబడాలి. మేం ఫలానావాళ్ళం, ఫలానా పని మీదొచ్చాం అని ఉన్నదున్నట్టు చెప్పాలి. అది వాళ్ళ పద్ధతి. పైగా, రాజు పుట్టాడంటే కోటలో గాక ఇంకెక్కడ పుడతాడనుకున్నారు. నేరుగా పోయి కోట తలుపు కొట్టారు. కొట్టి, యూదులకి కొత్తగా పుట్టిన రాజెక్కడ, ఆయన్ని చూసి మొక్కుదామని వచ్చాం అన్నారు. ఎవరితో? ఉన్న రాజుతో!

ఆ రాజు పేరు నేను నా నోటితో చెప్పను. మా అమ్మా చెప్పేది కాదు. ముసలాడు, రోగం. కుర్చీ పోయిద్దేమోనని కట్టుకున్నదాన్ని చంపించాడు, కన్న కొడుకుల్ని చంపించాడు. ఊరంతటికీ తెలుసు. తెలియంది ఈ వచ్చినోళ్ళకే.

వాడు కోప్పడలా. కోప్పడితే బాగుండేది, వీళ్ళు జాగ్రత్తపడేవాళ్ళు. వాడు నవ్వాడు. చాటుగా లోపలికి పిలిపించుకున్నాడు, కూర్చోబెట్టాడు, కాళ్ళకి నీళ్ళిప్పించాడు. మా గ్రంథాల ప్రకారం ఆ బిడ్డ బేత్లెహేములో ఉంటాడంట, పోయి చూసి, నాక్కూడా చెప్పండి, నేనూ వచ్చి మొక్కుతా అన్నాడు. వీళ్ళు సరేనని మాటిచ్చారు. పోబోతుంటే, మెత్తగా, పక్కింటోళ్ళని కుశలమడిగినట్టు ఇంకొక మాటడిగాడు. అవునూ, ఆ చుక్క కనబడి ఎన్నాళ్ళయిందీ అన్నాడు.

మిహ్రానుకి మొహం వెలిగిపోయింది. పాపం, ఆయనకొచ్చిన విద్య అదే గదా. సంచిలోంచి పలక తీశాడు, రాజు ముందు పెట్టాడు, వేలు పెట్టి ఒక్కొక్క గీతా చూపించాడు. ఇరవై రెండు పున్నములు మహారాజా, ఒక్కరోజు కూడా తేడా లేదు అన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళలో ఒకాయన దగ్గాడు. వద్దనో, ఊరికే దగ్గొచ్చిందో తెలీదు. మిహ్రాను వెనక్కి తిరిగి చూడలా.

కెజియా, నిద్రపోయావా? ఊ అను మరి.

ఇక్కణ్ణుంచి చెప్పేదాంట్లో కొంత వాక్యంలో ఉంది, ఎక్కువ మా అమ్మ కలిపింది. బేత్లెహేము చిన్న ఊరు. ఊరు మొదట్లో ఒక ఇంటి ముందు తిర్సా అని ఒక కోడలు తిరగలి తిప్పుతోంది. గొర్రెలు కాసుకునే ఇల్లు. తిర్సాకి ఒక కొడుకు, ఓబేదు, ఇరవై నెలలు. ఆ ఇంట్లోనే ఆమె తోటికోడలు, ఆవిడ చంకలో ఇంకా పాలు తాగే మగబిడ్డ. తిర్సా తెలివైంది, నోరున్న పిల్ల. దుమ్ముకొట్టుకుపోయి వచ్చిన ఈ ముసలోళ్ళని చూసి, ముందు కూర్చోండి, నీళ్ళు తాగండి, తర్వాత చెప్పుదురుగాని అంది. మిహ్రాను నీళ్ళు తాగడానికి దారి దుమ్ముకని మొహాన కట్టుకున్న ఆ తెల్లగుడ్డ కిందికి లాగాడో లేదో, ఓబేదు వచ్చి ఆ గుడ్డ పుచ్చుకుని గుంజాడు. గుంజుకుని పరుగు! నాలుగడుగులు వెయ్యడం, పడటం. లెయ్యడం, మళ్ళీ పరుగు. తిర్సా లాక్కోబోతే మిహ్రాను వద్దమ్మా, వాడి దగ్గరే ఉంచు, నిప్పు ముందు నోటికి కట్టుకోడానికి నా దగ్గర ఇంకోటుంది అన్నాడు. ఆయనకి ఇంటి దగ్గర అంత మనవడున్నాడంట.

తర్వాత చుక్క చూపించిన ఇంటికి పోయారు. బిడ్డని చూశారు, సాగిలపడ్డారు. బంగారం పెట్టారు, సాంబ్రాణి పెట్టారు, బోళం పెట్టారు. బోళమంటే చేదు జిగురు. మీ అమ్మని కన్నప్పుడు నాకూ పెట్టారు. ఆ దేశంలో శవానికి కూడా పూస్తారంట. బిడ్డకి అదేం కానుకో అని ఆ తల్లి అనుకునే ఉంటది.

తిరిగి పోయేటప్పుడు తిర్సా మిహ్రానుని ఆపింది. మీరు రాజు దగ్గరనుంచి వచ్చారంట గదా, ఏ ఇల్లో చెప్పారా అనడిగింది. లేదమ్మా, అప్పటికి మాకే తెలీదు అన్నాడు. హమ్మయ్య అంది. ఇంకేమైనా చెప్పారా అని ఆమె అడగలా. ఎన్ని నెలలో చెప్పామని ఆయనా అనలా. దాచాలని కాదు. ఆ మాటతో ఏమవుద్దో ఆయన బుర్రకి తట్టలా. అంత తెలివైన పిల్లకీ తట్టలా.

ఆ రాత్రి వాళ్ళకి కలొచ్చింది, రాజు దగ్గరికి పోవద్దని. వేరే దారిన వాళ్ళ దేశానికి పోయారు. ఇచ్చిన మాట తప్పారు. మిహ్రాను బతుకులో అదే మొదటి అబద్ధం. దారి పొడుగునా కుమిలిపోయాడు. ఎందుకని? రాజుకిచ్చిన మాట తప్పాను, నోరు మైలపడింది అని! ఆడిన అబద్ధానికి ఏడ్చాడే గాని, చెప్పిన నిజం సంగతే ఆయనకి గుర్తు రాలా.

రాజు చూశాడు. ఒకరోజు చూశాడు, పదిరోజులు చూశాడు. నన్ను మోసం చేశారన్నాడు. ఏ ఇల్లో తెలీదు. ఎవరి బిడ్డో తెలీదు. తెలిసిందల్లా ఒక్కటే, ఇరవై రెండు. సరిగ్గా ఇరవై రెండో, అటో ఇటో, ఎందుకైనా మంచిది, రెండేళ్ళు పెట్టుకోండి అన్నాడు. రెండేళ్ళ వయసు మగపిల్లలు, ఆ లోపు మగపిల్లలు, ఎంతమందుంటే అంతమంది. సిపాయిలు బయల్దేరారు.

నా చెయ్యి పట్టుకోండి. ఇద్దరూ.

ఆ ముక్క నేను చెప్పను. లోపల ఒక పాప నిద్రపోతోంది. చుక్క చూపించిన బిడ్డని తల్లీ తండ్రీ ముందే ఐగుప్తుకి తీసుకుపోయారు. సిపాయిలు వెతికిన బిడ్డ లేడు. మిగతా పిల్లలంతా ఉన్నారు. తిర్సా తోటికోడలు గబుక్కున పాలబిడ్డని ధాన్యపు గాదెలో దింపి పైన గోనె కప్పింది. వాడు ఏడవలా, దేవుడు వాడి నోరు నొక్కాడు. ఓబేదు వాకిట్లో ఉన్నాడు. పరిగెత్తుతున్నాడు. చేతిలో తెల్లగుడ్డ ఉంది.

ఆగండి. కాసిన్ని మంచినీళ్ళు తాగనియ్యండి.

ఏడాదికో ఎప్పటికో ఒంటెల బేరగాళ్ళు తూర్పు దేశానికి ఈ కబురు మోసుకుపోయారు. మిహ్రాను విన్నాడు. ఆ రోజు నిప్పులో కట్టె వెయ్యడానికి ఆయన చెయ్యి లెయ్యలా. కూర్చుని తనలో తనే ప్రశ్నలేసుకున్నాడంట. కత్తీ కత్తీ, ఎందుకు తెగావంటే, సిపాయి ఎత్తాడంది. సిపాయీ సిపాయీ, ఎందుకెత్తావంటే, రాజు ఎత్తమన్నాడన్నాడు. రాజా రాజా, ఎందుకెత్తమన్నావంటే, ఇరవై రెండని తెలిసిందన్నాడు. పలకా పలకా, ఎందుకు చెప్పావంటే, నాకు నోరెక్కడిది, నీ నోరే చెప్పిందంది. నోరా నోరా, ఎందుకు చెప్పావంటే, నిజమే గదా అంది.

లేచి, ఎవరితో చెప్పకుండా, ఒక్కడే ఇసుక దాటాడు, రాళ్ళు దాటాడు, ఏరు దాటాడు, ఎండ దాటాడు, చలి దాటాడు. ఈసారి గీతలు గియ్యలా. వచ్చి తిర్సా వాకిట్లో నిలబడ్డాడు. తిరగలి ఉంది, తిర్సా ఉంది. పరిగెత్తేవాడు లేడు. ఆయన మోకాళ్ళ మీద పడి జరిగిందంతా చెప్పాడు. పలక, గీతలు, ఇరవై రెండు, అన్నీ.

తిర్సా మొల్లో దోపుకున్న ఆ తెల్లగుడ్డ తీసి చూపించింది. ఉతికినా పోని మరకుంది దానికి. "నిప్పు ముందు నోరు కప్పుకుంటావు. వాడి ముందెందుకు కప్పుకోలేదు?" అనడిగింది. అడిగి, గుడ్డ మళ్ళీ మొల్లో దోపుకుని, పిండి ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆయన పోలా. గొర్రెల పాకలో ఒక మూల పడున్నాడు. నీళ్ళు మోశాడు, పేడ ఎత్తాడు, కుంటి గొర్రెకి కట్టు కట్టాడు. తిర్సా ఆయనతో మాట్లాడలా. తిండి మాత్రం పెట్టేది. పాక పక్కన చిన్న నిప్పు వేసుకుని ఆరకుండా చూసుకునేవాడు గాని, దగ్గరికి పోయేవాడు కాదు, నోటికి గుడ్డ లేదని. పొడుగాటి కర్రతో దూరంనుంచే పుల్లలు తోసేవాడు. కొత్త గుడ్డ దొరకదా అంటావా? దొరికిద్ది. కట్టుకోలేకపోయాడు.

గాదెలో దాచిన ఆ బిడ్డని తోటికోడలు ఆడపిల్లలా పెంచుతోంది. గౌను తొడిగి, జుట్టు పెంచి, రెండు జడలు. వాడూ పరుగులు పెట్టే వయసుకొచ్చాడు. కొన్నాళ్ళకి రాజు చెవిన ఎవరో వేశారు, బేత్లెహేములో ఒకడు తప్పించుకున్నాడని. ఆ రాజు ఒళ్ళు కుళ్ళి మంచాన పడ్డాడు, అయినా వదల్లా. మళ్ళీ సిపాయిలొచ్చారు. ఊరు ఊరంతా వణికింది. ఎవర్నడిగినా లేడనే అంటారు, ఎవర్నీ నమ్మరు. తిర్సా వాకిట్లోకొచ్చి మిహ్రానుని చూశారు. వాళ్ళ నాయకుడు గుర్తుపట్టాడు. ఓరి, ఇతను కోటకొచ్చిన తూర్పు పూజారి గదా, వీళ్ళు చస్తే అబద్ధమాడరు, ఇతన్నే అడుగుదాం అన్నాడు. అడిగాడు. మెత్తగానే అడిగాడు. అయ్యా, ఈ ఇంట్లో మగబిడ్డ ఉన్నాడా అన్నాడు.

రెండు జడలేసుకుని వాడు అక్కడే, మిహ్రాను కాళ్ళ దగ్గర, మట్టిలో ఆడుకుంటున్నాడు. గడపలో తోటికోడలు. వెనక తిర్సా. తన బిడ్డ పోయాడు, ఈ బిడ్డన్నా ఉంటాడా లేదా అన్నది ఆ ముసలి నోట్లో ఉంది.

మిహ్రాను సిపాయి మొహం చూశాడు. తర్వాత వాడి చెయ్యి చూశాడు. చేతిలో ఏముందో చూశాడు. ఈసారి చూశాడమ్మా. చూసి, "ఈ ఇంట్లో మగబిడ్డ లేడు. ఉన్నవాణ్ణి మీరే తీసుకుపోయారు," అన్నాడు.

నమ్మారు. ఆయన మాట కాబట్టి నమ్మారు. ఇంకో గడప కూడా తొక్కకుండా పోయారు. వాళ్ళు పోయాక మిహ్రాను నిప్పుకేసి చూసి, ఇక ఈ జన్మకి నీ దగ్గరికి రాలేను అని ఏడ్చాడు. అప్పుడు తిర్సా వచ్చింది. ఏడాదిన్నరగా మాట్లాడని మనిషి వచ్చి, మొల్లోంచి ఆ గుడ్డ తీసి, ఆయన వెనక నిలబడి, తన చేత్తోనే ఆయన నోటికి కట్టింది. ముడి గట్టిగా బిగించి, ఇప్పుడు పో, దగ్గరికే పోయి కట్టె వెయ్యి అంది.

అందరూ సుఖంగా ఉన్నారా అనడక్కు. రెండు జడలవాడు పెరిగి గొర్రెలు కాశాడు, పెళ్ళి చేసుకున్నాడు, తోటికోడలికి మనవళ్ళొచ్చారు. ఆ రాజు చచ్చాడు. ఓబేదు మాత్రం రాలా. మిహ్రాను ఆ పాకలోనే పోయాడు. ఆయనకి ఏ కానుకా తెచ్చినవాళ్ళు లేరు. తిర్సా మాత్రం ఆ నిప్పుని తను బతికున్నన్నాళ్ళూ ఆరనియ్యలేదంట.

నిజం చెప్పాలే జెమీమా. టీచరు చెప్పింది తప్పు కాదు. నాతో అబద్ధాలాడితే తాట తీస్తా, అది గుర్తుపెట్టుకో. కానీ అడిగేవాడు ఎందుకడుగుతున్నాడో, వాడి చేతిలో ఏముందో చూసి నోరు తెరువు. దానికి దేవుడు నిన్ను కొడతానంటే, మా అమ్మమ్మ చెప్పమంది అని చెప్పు. ఆయన సంగతి నేను చూసుకుంటా.

ఏంటీ, కిరీటం వద్దా? నోటికి తెల్లగుడ్డ కట్టుకుని వేస్తావా నాటకం? ఫాదరుగారు ఏమంటాడో మరి. సరేలే, నా పాత చీర కొంగు చించి ఇస్తా.

ఇప్పుడు చెప్పు. రేపు వాడొస్తాడు. బిస్కెట్ పొట్లం తెస్తాడు, నవ్వుతాడు, అమ్మలూ, సలోమి పిన్ని మీ ఇంట్లో ఉందా అంటాడు. ఏం చెప్తావు? ఆలోచిస్తున్నావా? ఆలోచించు. ఎవరది, కెజియా? నువ్వింకా నిద్రపోలా? ఏమన్నావు? గట్టిగా చెప్పు. "ఏ పిన్ని?" అంటావా?

నా తల్లే! ఇటు రా. పడుకోండిక. కథ వేరే దారిన వాళ్ళ దేశానికి, మనం దుప్పట్లోకి. ఆ తలుపు గడియ ఇంకోసారి చూసొస్తా.